పడవని పడుకోబెట్టిన చలికాలం

పడవ అంటే నీళ్ళ మీద ఉండేదని నేను బహ్రెయిన్ వచ్చేదాకా అనుకునేదాన్ని. అరాద్‌లో నేను పనిచేసే ఇంట్లో అది పెరట్లో ఉండేది. రెండు చక్రాల బండి మీదెక్కి, ముక్కు గేటు వైపు పెట్టుకుని, నేను బట్టలారేసే తీగకి సరిగ్గా అడ్డంగా. దుప్పటి ఆరేయాలంటే దాని చుట్టూ తిరిగి వెళ్ళాలి. మా ఊరి దేవుడికి కూడా అన్ని ప్రదక్షిణాలు చేసి ఉండను. పుణ్యం మాత్రం రాలేదు, మోకాలి చిప్పకి దెబ్బలు వచ్చాయి.

పడవ ఇంటి పెద్దాయనది. ఆయన్ని అందరం బాబా అంటాం. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు, ఈసా టౌన్‌లో వేరే ఇల్లు కట్టుకున్నాడు, శుక్రవారం భోజనానికి వస్తాడు. మిగతా రోజులన్నీ ఆ ఇంట్లో ముగ్గురమే. బాబా, వంటా ఇల్లూ చూసుకునే నేను, కారు నడిపే జగిత్యాల తమ్ముడు. తమ్ముడంటే కుర్రాడేం కాదు, మీసం నెరుస్తోంది. నాకంటే చిన్నవాడు కాబట్టి నాకు తమ్ముడు, అతనికి నేను అక్క. మా ఇద్దరి వీసాలూ కొడుకు పేరు మీద ఉన్నాయి, ఇక్కడి మాటలో అతను మా కఫీల్. అంటే మమ్మల్ని ఉంచేదీ పంపేదీ కొడుకు, ఆకలేసిందా అని అడిగేది బాబా.

చలికాలం రాగానే ఇక్కడ శమాల్ అని ఉత్తరపు గాలి లేస్తుంది. ఎండాకాలమంతా మమ్మల్ని ఉడకబెట్టిన దేశం ఇదేనా అనిపిస్తుంది. సముద్రం పోట్లాటకి వస్తుంది. అప్పుడు చిన్న పడవలన్నీ ఒడ్డెక్కి, గాలి తగ్గేదాకా ఇళ్ళ ముందు పడి ఉంటాయి. ఊరికే పడి ఉంటే చాలదట, వాటిని పడుకోబెట్టాలట. ఉప్పునీళ్ళలో తిరిగిన ఇంజన్ని మంచినీళ్ళతో కడగాలి. లోపల మిగిలిన పెట్రోలు మండిపోయేదాకా నడపాలి. ప్లగ్గులు తీసి ఆ కన్నాల్లో ఆయిలు చిమ్మాలి. అడుగున పాత గేరు ఆయిలు దింపి కొత్తది పొయ్యాలి. బ్యాటరీ ఊడదీసి సామాన్ల గదిలో పెట్టాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అంటూ ఉండేది. ఆవిడ ఈ పడవని చూడకుండానే అన్న మాట అది.

బాబా ఈ పనంతా తన చేత్తోనే చేసుకునేవాడు. ఇంకొకరిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నాకు మాత్రం ఒక ఉద్యోగం ఇచ్చాడు. ఇంజన్ కాలికి రెండు పక్కలా నీళ్ళు పీల్చుకునే కన్నాలుంటాయి. పడవ నేల మీద ఉన్నప్పుడు వాటికి రెండు రబ్బరు చిప్పలు నొక్కిపెట్టి, ఆ చిప్పలకి కుళాయి పైపు బిగించి, నీళ్ళు వదిలాకే తాళం తిప్పాలి. బాబా పడవెక్కి కూర్చుని, తాళం మీద చెయ్యి పెట్టి, "మాయ్!" అని కేకేసేవాడు. మాయ్ అంటే నీళ్ళు. ఆ కేక వినపడితే నేను పొయ్యి మీద ఏమున్నా వదిలేసి, వంటింటి గోడ పక్కనున్న కుళాయి తిప్పడానికి పరిగెత్తాలి. ఇంజన్ వెనక చిన్న కన్నంలోంచి ధార కట్టి నీళ్ళొచ్చేదాకా ఆయన ఊపిరి బిగపట్టేవాడు. చంటిపిల్లాడు ఉచ్చ పోస్తే మురిసిపోయే తండ్రిని చూశాను గానీ, ఇంజన్‌ని చూసి మురిసిపోయే ముసలాయన్ని అక్కడే చూశాను.

కిందటి చలికాలం మొదట్లో బాబా కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ కప్పు సాసర్లో దించేటప్పుడు టకటకలాడేది. ఒక శుక్రవారం కొడుకు అది చూశాడు. చూసినవాడు చెయ్యి గురించి అడగలేదు, పడవ గురించి మాట్లాడాడు.

"ఈసారి పడవ పని మెకానిక్ చేస్తాడు."

"నా ఇంజన్ మీద పరాయివాడి చెయ్యి పడకూడదు," అన్నాడు బాబా.

"మీ చెయ్యి పడితే ప్లగ్గు మర విరుగుతుంది," అన్నాడు కొడుకు. చేపముల్లు ఏరుకుంటూ అన్నాడు, తలెత్తలేదు. "ఇంకో మాట. వచ్చే సీజన్లో ఆ ఇంజన్ సముద్రంలో ఒక్కసారి మొరాయించినా నేను దాన్ని అమ్మేస్తాను. మీకేమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి?"

"మొరాయించదు," అన్నాడు బాబా.

ఆ కొడుకు ఈత నేర్చుకున్నది ఆ పడవ మీంచి దూకి. బాబాయే చెప్పాడు నాకు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. మా గోదావరి వాళ్ళు ఏనాడో చెప్పారు, అరబ్బీలో ఈ సామెత ఉందో లేదో తెలీదు గానీ, ఆ బల్ల దగ్గర మనిషి మాత్రం ఉన్నాడు.

మెకానిక్ వచ్చాడు. ఏ దేశంవాడో చెప్పను, అన్ని దేశాల్లోనూ వాడు ఉంటాడు. నల్లకళ్ళజోడు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. పనిముట్ల పెట్టె మాత్రం ఒకటే, అదీ సగం ఖాళీ. ముందు టీ అడిగాడు. టీ తాగుతూ, చలికి ఇంజన్ పగలకుండా ఏదో గులాబీరంగు మందు పొయ్యాలన్నాడు. నేను పల్చటి చున్నీ కప్పుకుని, చలిలేక దాన్నీ తీసి తీగ మీద వేసిన రోజది. నీళ్ళు గడ్డకట్టే చలి అరాద్‌కి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియకుండా! తర్వాత మూత తీశాడు, లోపలికి చూశాడు, ఫోన్లో ఎవరితోనో నవ్వాడు, రెండు మరలు బిగించి మూత పెట్టేశాడు. "ఖలాస్," అన్నాడు. అయిపోయిందట. మా ఊళ్ళో సైకిలుకి గాలి కొట్టేవాడు కూడా ఇంతకంటే సేపు కూర్చుంటాడు.

బాబా వరండాలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. మెకానిక్ కారు మలుపు తిరగ్గానే లేచాడు.

"డ్రైవర్!" అని పిలిచాడు. "నా చేతులు నీకిస్తాను. నువ్వు నీ చేతులు నాకియ్యి."

ఆ రోజంతా తమ్ముడి చేతులూ బాబా నోరూ కలిసి ఆ ఇంజన్ని మళ్ళీ మొదటినుంచి పడుకోబెట్టాయి. అడుగున మర విప్పగానే నల్లటి పాత ఆయిలు కారింది. మెకానిక్ దాన్ని ముట్టుకోనే లేదన్నమాట. బాబా ఆ నల్లటి చుక్కని వేలితో తీసుకుని, వణికే చేత్తోనే మా ఇద్దరికీ చూపించి, పెళ్ళికొడుకులా నవ్వాడు. బాబా "మాయ్!" అనగానే నేను ఎప్పటిలా పరిగెత్తి కుళాయి తిప్పాను. ధార వచ్చింది.

ఇక తమ్ముడి సంగతి చెప్పాలి. అతనికి ప్రపంచంలో తెలియని మెషీన్ లేదు. ఎందుకంటే ఊళ్ళో అతనికొక బావి, బావి మీద ఒక మోటరు ఉన్నాయి. వాషింగ్ మెషీన్ ఆగినా, ఏసీ మొత్తుకున్నా, కారు అద్దం దిగకపోయినా, "మా బాయికాడ మోటరు గూడ గిట్లనే చేస్తుండె అక్కా," అంటూ మొదలుపెడతాడు. ఒక్కదాన్నీ బాగుచేసిన పాపాన పోలేదు. ఇప్పుడు పడవ ఇంజన్లో చేతులు పెట్టాక, చెప్పేదేముంది! నాలుగు రోజులు నేలమీద నడవలేదు.

తర్వాతి శుక్రవారం కొడుక్కి సంగతి తెలిసింది. బాబాయే గొప్పగా చెప్పాడు.

"మెకానిక్ చేసింది మీరు విప్పేశారా? అయితే ఇక దానికి ఏమైనా అయితే మీదే పూచీ," అన్నాడు కొడుకు.

"నాదే," అన్నాడు బాబా.

కొన్నాళ్ళకి బాబాకి జ్వరమొచ్చింది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు, ఆసుపత్రిలో పెట్టారు. వారాల తరబడి రాలేదు. నేను జావ పట్టుకుని వెళ్తే అందులో ఉప్పెంతుందో అడగడు, పడవ మీద పట్టా ఉందా, కింద గాలాడుతోందా అని అడుగుతాడు. ఉంది బాబా, ఆడుతోంది బాబా. ముసలాయనకి ఒంట్లో గాలాడక ముక్కుకి గొట్టం పెట్టారు, బెంగ మాత్రం పడవకి గాలాడుతోందా అని. నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది.

ఆ రోజుల్లోనే ఒక శనివారం నేను దుప్పట్లు ఆరేస్తుంటే పెరడంతా పొగ. తమ్ముడు సామాన్ల గదిలోంచి బ్యాటరీ తెచ్చి బిగించి, పెట్రోలు గొట్టం తగిలించి, పడవెక్కి దర్జాగా కూర్చుని ఇంజన్ నడిపిస్తున్నాడు.

"ఏంటయ్యా ఈ పని? దుప్పట్లన్నీ కంపు!" అన్నాను.

"మనిషైనా మోటరైనా ఊకె పండవెడ్తే బిగుసుకపోతది అక్కా. మా బాయికాడ వానకాలం మోటరుతోని పనుండది, గయినా వారానికొక్కపారి జరసేపు నడిపిస్తం. బాబా వచ్చేసరికి ఇది మంచిగ మెలకువతోని ఉండాలె."

"మరి నీళ్ళు?"

"నీళ్ళు కడుగుటానికి గదా. కడిగినం, ఉప్పు పాయె. ఇంక నీళ్ళెందుకు?"

నాకు అది సబబుగానే తోచింది. అంట్లు ఒకసారి తోమాక మళ్ళీ తోముతామా? పైగా పడవల గురించి నాకేం తెలుసు. మాది గోదావరి కాలవ గట్టు, సముద్రాన్ని బస్సులోంచి చూసినదాన్ని. తమ్ముడికి మాత్రం ఆంధ్రా వాళ్ళందరూ పుట్టుకతో జాలర్లని గట్టి నమ్మకం. నేను అడిగింది ఒక్కటే, బట్టలు తీశాక నడుపుకోమని. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, కఫీల్ పెట్రోలు ప్రతి శనివారం అలా తగలేశాడు. నడిపించి దిగేటప్పుడు ఇంజన్ మూత మీద చెయ్యి వేసి, "పండు ఇగ," అని చెప్పేవాడు. ఎవరూ చూడట్లేదనుకునేవాడు. కిటికీలోంచి నేను చూసేదాన్ని.

బాబా తిరిగొచ్చేసరికి సగమయ్యాడు. గాలి తగ్గి ఎండ తియ్యగా ఉన్న రోజులు. పడవ దింపాలన్నాడు. డాక్టర్ ఏమన్నాడో కొడుక్కి తెలుసు, బాబాకి అక్కర్లేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడు. ఒక శుక్రవారం కొడుకు బండి తగిలించుకుని పడవని రేవుకి లాక్కెళ్ళాడు. పెరట్లోనే ఒకసారి నడిపి చూస్తానని బాబా అంటే టైము లేదన్నాడు. తను పడవెక్కనన్నాడు, ఫోన్ పని ఉందట. తండ్రిని పట్టుకోవడానికి నన్ను ఎక్కమన్నాడు. నన్ను! నారింజరంగు దిండులాంటి దాన్ని ఒంటికి కట్టారు. దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుచుకుంటూ ఎక్కాను. తమ్ముడు నాకంటే ముందే ఎక్కి తాళం దగ్గర కూర్చున్నాడు.

రేవులో వెనక మరో రెండు పడవలు దిగడానికి కాచుకుని ఉన్నాయి. తమ్ముడు తాళం తిప్పాడు, ఇంజన్ ఒక్క దెబ్బకి అందుకుంది. "చూసినవా అక్కా!" అన్నట్టు నావైపు చూశాడు. బాబా మాత్రం వెనక్కి వంగి ధారని చూస్తున్నాడు.

"సన్నగా ఉంది," అన్నాడు.

"యల్లా, యల్లా!" అని ఒడ్డుమీంచి కొడుకు చేతులూపి తొందరపెట్టాడు. వెనకవాళ్ళు హారన్ కొట్టారు. బాబా ధార మీంచి చూపు తీసి చుక్కాని పట్టుకున్నాడు.

కాసేపు బాగానే ఉంది. అంతకంటే బాగుందని చెప్పాలి. చుక్కాని పట్టుకున్న బాబా చెయ్యి వణకలేదు. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను, నీళ్ళని చూస్తే కళ్ళు తిరుగుతాయని. ముసలాయన మొహం మీద ఎండ పడి, ఆసుపత్రి రంగు పోయి, మళ్ళీ మనిషి రంగు వచ్చింది. దీని కోసమా ఈ తగువంతా అనుకున్నాను. అప్పుడే ఇంజన్ కీచుమని అరవడం మొదలుపెట్టింది, కాలిన వాసన వచ్చింది. బాబా చటుక్కున తాళం కట్టేశాడు. వెనక ధార లేదు.

పడవ ఆగి ఊగుతోంది. ఒడ్డు మీద కొడుకు కారు కనిపిస్తూనే ఉంది. బాబా ఇంజన్ మూత తీసి, చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూసి, మూత మళ్ళీ పెట్టేశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. మా ముగ్గురి మధ్య నడిచేది సగం హిందీ, సగం అరబ్బీ, మిగతాది చేతులు.

"నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు నువ్వు దీన్ని నడిపావా?"

తమ్ముడు తలూపాడు.

"నీళ్ళు పెట్టకుండా?"

మళ్ళీ ఊపాడు. "బిగుసుకపోకుండ ఉండాలని, బాబా," అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

బాబా అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. దారినపోయే చేపల పడవవాళ్ళు తాడు వేసి మమ్మల్ని ఒడ్డుకి లాక్కొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

మెకానిక్ మళ్ళీ పెరట్లోకి వచ్చాడు, అదే కళ్ళజోడు, అవే ఫోన్లు. ఈసారి మాత్రం పని చేశాడు, ఏం చేస్తాం, దరిద్రుడికి పని వచ్చు. ఇంజన్ కాలు విప్పి లోపలినుంచి ఒక చిన్న రబ్బరు చక్రాన్ని తీశాడు. నీళ్ళు తోడి ఇంజన్ని చల్లగా ఉంచేది అదేనట. దాని రెక్కలు తెగి, చివర్లు కాలి, పీలికలు పీలికలుగా ఉంది.

"దీన్ని నీళ్ళు లేకుండా నడిపారు. చాలాసార్లు," అన్నాడు. "నేను చెయ్యలేదు. నేను చేసిన పని తర్వాత ఎవరో విప్పారు."

కొడుకు తండ్రి వైపు తిరిగాడు. "మీరేనా?"

తమ్ముడు నా పక్కనే నిలబడ్డాడు. అతని ఊపిరి నాకు వినిపిస్తోంది. కొడుక్కి నిజం తెలిస్తే ఆ వారమే విమానం ఎక్కిస్తాడు, నాకు ముందున్న పనిమనిషిని అలాగే పంపాడు. నేను నోరు తెరిచాను, ఏమని తెరిచానో నాకే తెలీదు. బాబా నాకంటే ముందు అందుకున్నాడు.

"నేనే," అన్నాడు. "ఆసుపత్రినుంచి వచ్చాక దాని చప్పుడు వినాలనిపించింది. మీరెవరూ లేనప్పుడు నడిపాను. నీళ్ళు మర్చిపోయాను."

అంత మాట ఆయన నోటినుంచి! తాళం ముట్టుకునే ముందు "మాయ్!" అని అరవకుండా ఒక్కనాడు ఉండలేని మనిషి! మెకానికా సొంతచెయ్యా అని తండ్రీకొడుకులు కొట్టుకుచస్తుంటే, మధ్యలో ప్రేమ అనేది వచ్చి ఇంజన్ని కాల్చిపెట్టింది. దాన్ని ఏ గ్యారేజీలో బాగుచేయించాలి?

రబ్బరు చక్రం కొత్తది వేశారు. ఇంజన్ మళ్ళీ లక్షణంగా నడిచింది. పోయింది అరచేతిలో పట్టేంత రబ్బరు ముక్క. కానీ కొడుకు మాట మాటే. పడవ అమ్మకానికి పెట్టాడు. అంతటితో ఆగినా సరిపోయేది. తండ్రి మర్చిపోతున్నాడని ఇప్పుడు సాక్ష్యం దొరికింది కదా. గేటు తాళం తీసుకున్నాడు. మసీదుకి ఒక్కడే నడిచి వెళ్ళొద్దన్నాడు, నాలుగు అడుగుల దూరంలో ఉన్న మసీదుకి! టీ పెట్టుకోవడానికి వీల్లేకుండా గ్యాస్ కట్టేయమని నాకు చెప్పాడు. మతిమరుపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఇవాళ తేదీ ఎంత అని అడిగితే, బాబా తేదీ చెప్పి, మీ గోడ మీద క్యాలెండర్ ఇంకా పోయిన నెలలోనే ఉంది, తిప్పుకోండి అన్నాడట. తమ్ముడు వచ్చి చెప్పాడు. చెప్తూ నవ్వబోయి నవ్వలేకపోయాడు.

నేను అతన్ని వదల్లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుందామనుకున్నాను గానీ, ఆ ముసలాయన తన ఇంటి గేటు దగ్గర నిలబడి, తాళం తియ్యమని నన్ను అడుగుతుంటే ఊరుకోలేకపోయాను.

"మీసాలు పెంచితే చాలదయ్యా," అన్నాను వంటింట్లో. "బావి దగ్గర మోటరు గురించి పద్దాకా చెప్తావుగా, ఈ ఒక్క మోటరు గురించి మాత్రం నోరు పెగలదేం?"

"చెప్పపోయిన అక్కా. బాబా దగ్గరికే పోయిన. కొడుక్కు చెప్తనన్న." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయనేమన్నడో తెలుసా? నోరు ముయ్యి, నీ ఒక్క మూర్ఖపు పనికి ఇద్దరం మునుగుడెందుకు అన్నడు. మల్ల అడిగితె చెప్పు తీస్తనన్నడు."

ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాను, ఏడ్చినా ఎవరూ అడగరని.

కొనేవాడు హమద్ టౌన్‌నుంచి వచ్చాడు, బండి తగిలించుకునే కారుతో. కుర్రవాడు, ఉత్సాహంగా ఉన్నాడు. పడవ చుట్టూ తిరిగాడు, పలకల మీద వేళ్ళతో కొట్టి చూశాడు. ఇంజన్ చప్పుడు వినిపించమన్నాడు. కొడుకు బూట్లతోనే పడవెక్కాడు. బాబా వరండాలో కుర్చీలో ఉన్నాడు, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరో వేరేవాళ్ళ సామాను అమ్ముతున్నట్టు. నేను గుమ్మంలో, తమ్ముడు గేటు దగ్గర.

కొడుకు కొనేవాడితో మాట్లాడుతూనే, వెనక్కి కూడా చూడకుండా, తాళం మీద చెయ్యి వేశాడు.

"మాయ్!"

కాకులు లేచేంత కేక. కుర్చీ కిర్రుమంది. బాబా లేచి నిలబడ్డాడు, కర్ర లేకుండా. "మాయ్! మాయ్!" అలవాటు కొద్దీ నా కాళ్ళు కుళాయి వైపు సగం దూరం వెళ్ళిపోయాయి. రబ్బరు చిప్పలు గోడకి మేకు మీదే వేలాడుతున్నాయి. ఎవరూ తియ్యలేదు. కొడుక్కి ఆ ఊసే లేదు.

కొడుకు చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. చిప్పలని చూశాడు. తండ్రిని చూశాడు. నీళ్ళు మర్చిపోయి ఇంజన్ కాల్చుకున్న తండ్రి, పెరట్లో ఉన్న అందరిలో నీళ్ళు గుర్తున్న ఒకే ఒక్క మనిషి. తర్వాత అతని చూపు గేటు దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు తలెత్తలేదు. అక్కడినుంచి నా మీదకి వచ్చింది. నేను మాత్రం కళ్ళు దించలేదు, చూసుకోమన్నాను మనసులో.

అర్థమైంది అతనికి. మొహం ఎర్రబడి, మళ్ళీ పాలిపోయింది. అర్థమయ్యాక ఏం చేస్తాడా అని చూశాను. దిగొచ్చి చిప్పలు తగిలించాడు, నన్ను కుళాయి తిప్పమన్నాడు, ఇంజన్ నడిపి చూపించాడు, పడవ అమ్మేశాడు. మాట ఇచ్చేశాడట. ఇంటెడు చదువు, ఇంటెడు తెలివి, వాడికి గుర్తున్నది బయటివాడికిచ్చిన మాట. తమ్ముణ్ణి మాత్రం ఏమీ అనలేదు, ఆ రోజూ తర్వాతా కూడా. కొనేవాడు బండి తగిలించుకుని గేటు దాటాక పెరడు ఇంత పెద్దదా అనిపించింది. తీగ ఆ చివరనుంచి ఈ చివరదాకా కనిపించింది. ఎన్నేళ్ళు తిట్టుకున్నాను ఆ పడవని! ఆ రోజు దుప్పట్లు ఆరేయబుద్ధి కాలేదు.

సాయంత్రం కొడుకు వంటింట్లోకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. గేటు తాళంచెవి బల్ల మీద పెట్టి, "బాబాకి ఇచ్చెయ్యి," అన్నాడు.

ఆ ఇంట్లో చేరాక అతనికి ఎదురు చెప్పింది అదొక్కసారే. "మీ నాన్నగారండీ," అన్నాను, నాకొచ్చిన హిందీలో. "మీరే ఇవ్వండి."

కోప్పడతాడనుకున్నాను. తాళంచెవి తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. నేను వెనకాలే గుమ్మం దాకా వెళ్ళాను, సిగ్గేం లేదు. తండ్రి కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, ఆ వణికే చేతిలో తాళంచెవి పెట్టి, వేళ్ళు మూశాడు.

బాబా తాళంచెవి వైపు చూడలేదు. గోడ వైపు చూస్తున్నాడు.

"అవి ఇక్కడే ఉండిపోయాయి," అన్నాడు.

రబ్బరు చిప్పలు. ఇంజన్ నడిపి చూపించాక తీసి మళ్ళీ మేకుకే తగిలించారు. కొన్నవాడికి ఇవ్వడం ఎవరికీ తట్టలేదు.

"ఆ కుర్రాడికి తెలీదు," అన్నాడు బాబా. "ఇంటికెళ్ళగానే ఒకసారి నడిపి చూసుకుంటాడు. ఎవరైనా చూసుకుంటారు. నీళ్ళు పెట్టడు. కాల్చేస్తాడు."

తమ్ముడు కారు తాళాలకోసం లోపలికి పరిగెత్తబోయాడు. కొడుకు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. తనే లేచి, మేకు మీంచి చిప్పలు తీసుకుని, వాటిలో మిగిలిన నీళ్ళు చొక్కా మీద కారుతున్నా పట్టించుకోకుండా, కారెక్కి హమద్ టౌన్ వెళ్ళాడు.